రెండో రిమోట్

ద్వారకా నగర్‌లో వీడియో గేముల దుకాణం నడిపే ఆ పెద్దాయనకు ఒక అలవాటుండేది. పిల్లల చేతికి ఒక రిమోట్ ఇచ్చి, రెండోదాన్ని చొక్కా అంచుతో తుడిచి, వెంట వచ్చిన పెద్దవాళ్ళ చేతిలో పెట్టేవారు.

గాజువాకకు ఇల్లు మారాక మా ఏడేళ్ళ పాప నాతో సరిగా మాట్లాడటం మానేసింది. స్నేహితులకు దూరం చేశానని కోపం. ఆ బెంగతోనే పాపను వెంటబెట్టుకుని ఆయన దుకాణానికి వెళ్ళి, అన్నిటికన్నా ఖరీదైన గేమ్ మెషిన్ ఇమ్మన్నాను.

"స్క్రీన్ మీద బొమ్మ ఎంత బాగుంటే ఏటమ్మా? పక్కన కూర్చుని ఆడేవోలు లేకపోతే నెల్లాళ్ళకే అటకెక్కుతాది. ముందు ఈ చిన్న మెషిన్లో మీరు ఆడండి."

"నాకు రాదండి."

"రానోలుంటేనే పిల్లలకి మజా!"

ఆడాను. నా కారు తిన్నగా సముద్రంలోకి పోయింది. "అమ్మా, బ్రేకు నొక్కవేటి!" అంటూ పాప నా చేయి పట్టుకుని విరగబడి నవ్వింది. ఆ నవ్వు విని మూడు నెలలైంది.

"మీ దగ్గర బాగా అమ్ముడయ్యేది ఏదండీ?" అని అడిగాను.

"ఓడిపోయినోలు మళ్ళీ ఆడదామనేదమ్మా."

ఖరీదైనదాని వైపు ఆయన ఒక్కసారీ చూడలేదు. నేను నాలుగోసారి ఓడిపోయి, "ఇంకొక్క ఆట," అన్నాక, లేచి చిన్న మెషిన్ పెట్టెను సంచిలో పెట్టారు.