అత్త నాలుక మీది పచ్చబొట్టు

మా మేనత్త నాలుక పక్కన పుండు లేచేనాటికి మిరప కోతలు నడుస్తున్నాయి. కల్లంలో తాలుకాయలు ఏరే రోజుల్లో నోరు మండని ఆడది మా ఊళ్లో ఉండదు. పైగా ఆమె బుగ్గన ఎప్పుడూ పొగాకు ముక్క. "వెన్న రాసుకో, తగ్గుతుంది" అన్నాను నేను, డిగ్రీ చదివినదాన్ని. కోతలయ్యాయి, కాయలు గుంటూరు యార్డుకు వెళ్లిపోయాయి. పుండు మాత్రం ఉండిపోయింది. అప్పుడు హైదరాబాదు తీసుకెళ్తే, ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సరన్నారు.

సగం నాలుక తీసేసి, ఎడమ ముంజేతి చర్మం తెచ్చి అక్కడ కుడతామన్నాడు డాక్టరు. ఆ చేతి మీద మావయ్య పేరు పచ్చబొట్టుంది, మూడక్షరాలు. ఆయన బతికున్నన్నాళ్లూ, పోయాక కూడా, అత్త ఆ పేరు పలికి ఎరగదు. రేషన్ కార్డు వాళ్లు అడిగినా నా వైపు చూసేది.

"ఇక ఆయన్ని నోట్లో పెట్టుకు తిరగాలి" అన్నాను.

"సగం నాలుకతోనైనా నీకు సమాధానం చెబుతాలేవే" అంది.

ఆపరేషనయింది, రేడియేషన్ కరెంటు పెట్టడమూ అయింది. మాట ముద్దగా వచ్చేది, నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. కారం తగిలితే విలవిల్లాడేది. మిరపకాయల ఊళ్లో పెరుగన్నంతో బతికింది. రెండేళ్లు తిరగబెట్టకపోతే ధైర్యంగా ఉండొచ్చు, నెలనెలా నోరు చూస్తుండమన్నాడు డాక్టరు.

చూసే పని నాది. వాకిట్లో ఎండకెదురుగా కూర్చోబెట్టి నోరు తెరిపించేదాన్ని. ఒకపక్క ఎర్రటి నాలుక, రెండోపక్క పాలిపోయిన చేతి చర్మం, దాని మీద ఆకుపచ్చగా మావయ్య. రెండు వెంట్రుకలు కూడా మొలిచాయి. ఆమె మాట్లాడబోతే ఆ పేరు కదిలేది. లోపల్నుంచి ఎవరో తొంగిచూస్తున్నట్టుండేది.

అత్తకు చదువు రాదు. "అక్షరాలు ఎన్నున్నాయే?" అని అడిగేది.

"మూడే అత్తా" అంటే నోరు మూసుకునేది.

రెండో ఏడు, మళ్లీ కోతలప్పుడు, ఆఖరి అక్షరం పక్కన, కుట్టు అంచున, తెల్లగా ఇంకోటి లేచి ఉంది. అదే వరసలో, అంతే సైజులో.

"ఎన్నున్నాయే?"

ఆమె ఏమన్నా ఎదురు చెప్పే నేను "మూడే అత్తా" అన్నాను.

అత్త చూపుడువేలు నోట్లో పెట్టుకుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నెమ్మదిగా తడుముకుంది. వేలు కొంగుకు తుడుచుకుంది. తర్వాత నా మొహం ముందు నాలుగు వేళ్లు పెట్టింది.