పల్లీలు పడని పిల్ల, పల్లీలు దంచిన నానమ్మ

ఒక మనిషి ఒక్క పూటల ఎంతమందికి చెడ్డ కావచ్చునో మీకు తెలుసా? కోడలికి, పక్కింటామెకు, దవాఖాన నర్సమ్మకు, ఆఖరికి ఒక అరటిపండుకు గూడ. నేనయిన. అది గూడ, ఇయ్యాల ఒక్క తప్పు చేయొద్దని పొద్దున్నే దేవునికి దండం పెట్టుకున్న నాడే అయిన.

చెప్తే నవ్వుతరు. నవ్వుండ్రి. నేను గూడ నవ్వుకుంటనే చెప్పాలని కూసున్న. నడుమ ఎక్కడన్న ఆగిన్నంటే కంట్ల నలక పడ్డదనుకోండ్రి.

మాది బొగ్గుబాయి కాలనీ. క్వార్టర్లు ఎంత దగ్గరగా ఉంటయంటే ఒకరింట్ల పోపు పెడితే నాలుగిండ్లల్ల తుమ్ములు. మా కొడుకు రమేష్ బాయిల పని చేస్తడు. కోడలు స్రవంతి. వాళ్లకొక్కతే బిడ్డ, సాన్వి. అప్పటికి నాలుగేండ్లది. ఆ పిల్లకు పల్లీలు పడవని ఇడ్లీ పల్లిచట్నీల అద్దుకోని తిన్ననాడు తెలిసింది. మూతి ఉబ్బింది, ఒళ్లంత దద్దుర్లు లేచినయి, తిన్నదంత కక్కింది. డాక్టర్ పరీక్షలు చేసి, "ఇది ఎలర్జీ. ఒక్క గింజ గూడ తగలొద్దు" అని చెప్పిండు.

పల్లీలు పడకపోవుడు! నాకు నవ్వొచ్చింది. మా ఇంట్ల పల్లీలంటే గాలి లెక్క. కూరల పల్లీలు, పులుసుల పల్లీలు, ఎవ్వలొచ్చినా ముంగట గిన్నెడు పల్లీలు. గాలి పడదంటే ఎవ్వలన్న నమ్ముతరా?

"కొంచెం కొంచెం పెడితే అలవాటైతది స్రవంతీ. నీకు మా ఇల్లు అలవాటు కాలేదా?" అన్న.

"మీ ఇంటికొస్తే నాకు దద్దుర్లు రాలే కద అత్తమ్మా" అన్నది. జర ఆగి, "పైకి రాలే" అన్నది.

అట్ల ఉంటది మా కోడలు. మాట తక్కువ, పదును ఎక్కువ. "కొంచెం కొంచెం పెడితే అలవాటు కాదు అత్తమ్మా, పానం మీదికొస్తది. డాక్టర్ తోని చెప్పిస్తా?" అని నన్ను గూడ దవాఖానకు తీస్కపోయింది. ఆయన చెప్పినంక నా నవ్వు ఆగింది. భయం మొదలైంది. భయపడ్డోళ్లు జాగ్రత్తగా ఉండాలె గాని, నేను భయపడితే గొప్పలకు పోత. అది నా గుణం.

ఆ ఏడు స్రవంతికి మంచిర్యాలల ఒక బడిల టీచర్ నౌకరి దొరికింది. పొద్దంత పిల్లను ఎవ్వలు చూసుకోవాలె? ఇక్కడ నేనున్న. మంథనిల వాళ్లమ్మ ఉన్నది. ఆ వియ్యపురాలు అసొంటిసొంటి మనిషి కాదు. చెంచా ఒకసారి కడిగి, కడిగిన చెంచాను మళ్ల కడుగుతది.

"ఒక్క శనివారం మీ తాన ఉంచి చూస్త అత్తమ్మా" అన్నది స్రవంతి. "మీతోని అయితదంటే సాన్వి ఇక్కన్నే ఉంటది. లేకుంటే మంథని పంపిస్త. ఆదివారం ఆదివారం వస్తది."

ఆదివారం ఆదివారం! సంతకు వచ్చినట్టు నా మనుమరాలు నా ఇంటికి వచ్చుడా? "ఒక్క శనివారం ఎందుకు, వంద శనివారాలు చూడు" అన్న.

అప్పుడు నాకు అక్షరాలు కొత్త. యాభై దాటినంక కాలనీల ఆడోళ్ల బడికి పోయి నేర్చుకున్న. కొత్తగా అక్షరాలొచ్చిన చెయ్యి ఊకుంటదా? ఇంట్లున్న పల్లీలన్ని ఒక డబ్బాల పోసి అటక మీద పెట్టిన. మిగిలిన డబ్బాలన్నిటికి కాగితాలు అంటించిన. పప్పు డబ్బా మీద "పల్లీలు లేవు". చక్కెర డబ్బా మీద "పల్లీలు లేవు". ఉప్పు డబ్బా మీద గూడ "పల్లీలు లేవు". సబ్బుల డబ్బాను గూడ వదల్లే.

పక్క క్వార్టర్ రాజవ్వ వచ్చి చూసి మూతి మీద చెయ్యి పెట్టుకున్నది. "అక్కా, నా మీద గూడ ఒకటి అంటియ్యి. రేపు ఏదన్న అయితే నన్ను అనుమానపడకుంట" అన్నది.

ఇద్దరం పడి పడి నవ్వినం. ఆ నవ్వు గుర్తు పెట్టుకోండ్రి, దవాఖానల పనికొస్తది.

శనివారం వచ్చింది. స్రవంతి పోతపోత సాన్వి మందు సీసా నా చేతిల పెట్టింది. "మర్చిపోకుండ్రి. ఏది ముట్టినా సబ్బుతోని కడుగుడు. మూతి ఉబ్బినా, దగ్గినా, ఈ మందు పోసి సక్కగ దవాఖానకు. ఆగొద్దు."

"బిడ్డా, నీ పెనిమిటిని పెంచింది నేనే" అన్న.

"ఆయనకు పల్లీలు పడతయి అత్తమ్మా" అని బస్సుకు ఉరికింది.

ఇట్ల ఆమె పోయిందో లేదో, అట్ల రాజవ్వ కొడుకు నర్సయ్య వచ్చిండు. నర్సయ్య మస్కట్ల పని చేస్తడు, సెలవు మీద వచ్చిండు. మా తమ్ముడు గూడ ఆన్నే ఉంటడు. మా దిక్కు గల్ఫ్ పోయేటోని సంచిల అక్కడున్న మనోళ్లకు ఒక ముల్లె పెట్టకపోతే, ఆ అక్క ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"పెద్దమ్మా, నా టికెట్ ముంగటికి జరిగింది. ఇయ్యాల మాపటికే పోతున్న. మామకు పంపేది ఉంటే పగటిలోపట ఇయ్యి. కిలో కన్న ఎక్కువ తీస్కపోను. నా బట్టలకే జాగ లేదు."

"బట్టలు అక్కడ దొరుకుతయి కొడుకా. పల్లిపట్టీలు దొరుకుతయా?"

మా తమ్మునికి పల్లిపట్టీలంటే పానం. నా చేతివే కావాలె. 'ఇయ్యాల వద్దు' అని మీరు అరుస్తున్నరు, నాకు వినిపిస్తుంది. అప్పుడు అరవాలె. ఇప్పుడరిస్తే ఏం లాభం?

అయినా నేను తెలివి లేనిదాన్నా? సాన్విని ముంగటి అర్రల టీవీ కాడ కూసోబెట్టిన. నడిమి తలుపు వేసిన. అటక మీది డబ్బా దించుకోని ఎనుక వాకిట్లకు పోయిన. ఆన్నే పొయ్యి, ఆన్నే రోలు. పల్లీలు వేయించి, నలిచి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా దంచి, బెల్లం పాకంల కలిపి, పీట మీద ఒత్తి, ముక్కలు కోసిన. నడుమ నడుమ పోరి, "నానమ్మా, తలుపెందుకేసినవ్?" అని కొడుతుండె. "దొంగలొస్తరు బిడ్డా" అంటుంటి. దొంగ నేనే.

పని అయినంక రోలు కడిగిన. పీట, చెంచా, చాకు కడిగిన. వాకిలి కడిగిన. సబ్బు తీసుకోని మోచేతుల దాక చేతులు కడిగిన. ఆపరేషన్ చేసే డాక్టర్ గూడ అంత కడగడు. పట్టీలు డబ్బాల పెట్టి, మూత పెట్టి, మూత మీద గుడ్డ కట్టి, గుడ్డ మీద కాగితం అంటించిన: "పల్లీలు ఉన్నయి". నా రాతను నేనే మురిసిపోయి చూసుకున్న.

పగటికి రాజవ్వ ముల్లె కోసం వచ్చింది. వస్తవస్త సాన్వికి ఒక అరటిపండు తెచ్చింది. పోరి ఇష్టంగా తిన్నది. మూతంత అరటిపండే. "రా బిడ్డా, నా బంగారమా" అని మూతి తుడిచిన. ముద్దొచ్చి ముక్కు గూడ తుడిచిన.

కొంచెం సేపు పోలే. "నానమ్మా, పెదవులు సురసురమంటున్నయి" అన్నది.

చూస్తే కింది పెదవి ఉబ్బుతుంది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేస్తున్నయి.

"రాజవ్వా, దిష్టి తాకింది! ఉప్పు తీసుకరా!"

"దిష్టి లేదు, ఉప్పు లేదు! నీ కోడలిచ్చిన మందేది? పొయ్యి! నేను ఆటో పిలుస్త" అని రాజవ్వ ఉరికింది. ముల్లె ఆన్నే పడ్డది.

మందు పోసిన. ఆటో ఎక్కినం. రమేష్ కు చెప్దామంటే వాడు బాయిల దిగిండు, అక్కడికి ఫోన్ పోదు. పిల్లకు దగ్గు మొదలైంది. ఊపిరి తీస్తుంటే గురగురమంటుంది. కండ్లల్లకెళ్లి నీళ్లు, నోట్లకెళ్లి చొంగ. తుడుస్తున్న, ఏడుస్తున్న, తుడుస్తున్న. తుడిచినకొద్ది మూతి ఉబ్బుతుంది. "ఏం గాదు బిడ్డా" అనుకుంట మళ్ల తుడుస్తున్న. అంత సేవ నా జన్మల ఎవ్వలకు చేయలే.

దవాఖానల డాక్టరమ్మ చూడంగనే సూది ఇచ్చింది. మూతికి గాలి గొట్టం పెట్టిండ్రు. నేను మంచం పట్టె పట్టుకోని నిలబడ్డ. ఆ గురగుర వినుకుంట, 'నన్ను తీస్కపో, దీన్ని ఉంచు' అని ఏ దేవుని పేరు గుర్తొస్తే ఆ దేవునికి చెప్పిన. మెల్లమెల్లగా గురగుర తగ్గింది. పోరి కండ్లు తెరిచి నన్ను చూసింది.

భయం పోయిందో లేదో నాకు కోపం వచ్చింది. ఎవ్వలనో ఒకరిని అనాలె కద?

"పిల్ల ఏం తిన్నది?" అని నర్సమ్మ అడిగింది.

"ఈమెను అడుగు!" అని రాజవ్వ దిక్కు చెయ్యి చూపిన. "ఏం పెట్టినవే నా బిడ్డకు?"

"అరటిపండు పెట్టిన అక్కా. నీ ముంగటనే కద పెట్టిన."

"నీ చేతికి ఏం అంటుకోని ఉన్నదో! పొద్దంత కొడుకు సంచి సర్దినవు. ఏం ముట్టినవో ఏమో!"

"అరటిచెట్టుకు పల్లీలు కాస్తయా అక్కా?" అన్నది రాజవ్వ. "చెప్పిన కద, నా మీద గూడ ఒక కాగితం అంటియ్యమని."

"గింత లొల్లి చేస్తే బయటికి పంపిస్త" అని నర్సమ్మ కోపానికొచ్చింది. ఆమె మీద గూడ లేసిన. "నీకు మనుమలున్నరా? నీకేం తెలుసు?" ఆమెకు పాతికేండ్లుంటయో లేవో.

అప్పుడే స్రవంతి వచ్చింది. రాజవ్వనే ఫోన్ చేసిందట. బస్సు కోసం ఆగకుంట ఎవ్వల బండి మీదనో వచ్చింది. జుట్టంత చెదిరి ఉన్నది. పిల్లను ముట్టుకోని, ఊపిరి చూసుకోని, అప్పుడు కూసున్నది. నేను అరటిపండు కథ మొదలు పెట్టిన. స్రవంతి నా మాట వినలే. పిల్లనే అడిగింది.

"ఏం తిన్నవ్ చిన్నీ?"

"అరటిపండు."

"ఇంకేం తిన్నవ్?"

"ఏం తినలే. నానమ్మ మూతి తుడిచింది. ఇంకా తుడిచింది. ఆటోల గూడ తుడిచింది."

స్రవంతి నా దిక్కు చూసింది. నా చేతుల దిక్కు చూసింది. మెల్లగా వంగి, నా కొంగు చివర పట్టుకోని విప్పింది.

ఇగ చూడుండ్రి నా ఘనకార్యం. పొద్దున్నుంచి పల్లీలు నలిచి చేతులు తుడుచుకున్నది ఆ కొంగుకే. పొట్టు పడితే పీట దులిపింది ఆ కొంగుతోనే. వేడి గిన్నె దించింది, పాకం అంటిన వేలు తుడిచింది దానికే. సబ్బుతోని మోచేతుల దాక కడుక్కున్న చేతులు ఆరబెట్టుకున్నది గూడ దానికే! బెల్లం జిగట మీద ఎర్రెర్రని పొట్టు, పల్లిపొడి పేరుకోని, అది కొంగు కాదు, పరిచిన పల్లిపట్టీ. ఇంట్ల డబ్బా డబ్బాకు కాగితం అంటించిన. భుజం మీద వేలాడేదానికి అంటియ్యలే.

ఆఖరికి రాజవ్వనే అన్నది, "పోనీ తియ్యి, అరటిపండు బతికిపోయింది."

నర్సమ్మ మొఖం అటు తిప్పుకోని నవ్వింది. నేను నవ్వలే. స్రవంతి తిడుతదని చూసిన. తిట్టలే. "మీరు కావాలని చేయలే, నాకెర్కే అత్తమ్మా" అన్నది. తిట్టినా బాగుండు. తిట్టు అయితే ఇంటికి పోయేసరికి అరిగిపోతది. ఆ మాట ఇప్పటికి అరగలే.

సాన్వి మంథని పోయింది.

ముల్లె మాత్రం మస్కట్ పోయింది. రాజవ్వ ఆ గడబిడల గూడ కొడుకు సంచిల పెట్టించిందట. నేను అన్ని మాటలన్నంక! మా తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, పట్టీలు మస్తున్నయి. ఈసారి ఏం కలిపినవ్?" ఫోన్ పెట్టేసిన. మర్నాడు రాజవ్వ ఇంటికి పోయి వాకిట్ల నిలబడ్డ. "నీ మీద అంటించెటందుకు కాగితం తెచ్చిన" అన్న. ఆమె చాయ్ పెట్టింది.

ఇప్పుడు సాన్వి బడికి పోతుంది, మంథనిలనే. ఆదివారం ఆదివారం వస్తది. మా ఇంట్ల పల్లి గింజ లేదు. మనసు గుంజితే రాజవ్వ ఇంట్ల తిని, సబ్బుతోని కడుక్కోని, చీర మార్చుకోని ఇంట్లకొస్త. దొంగతనంగా తాగొచ్చిన మొగోని లెక్క. అయినా పోరి సంచిల తన దస్తి తనే తెచ్చుకుంటది, మడత పెట్టిన తెల్ల చేతిరుమాలు. ఏదన్న తిన్నంక నా చెయ్యి అలవాటున లేస్తది. "నానమ్మా, నా మూతి నేనే తుడుచుకుంట" అని ఒక అడుగు ఎనుకకు జరుగుతది. ఆ ఒక్క అడుగు మంథని కన్న దూరం.

మొన్న బస్సు ఎక్కియ్యబోతే నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. కొంగు లేపిన. పోరి టక్కున నా చెయ్యి పట్టుకున్నది. సంచిలకెళ్లి తన దస్తి తీసిచ్చింది.

"దీనితోని తుడుచుకో నానమ్మా. మళ్ల నాకియ్యకు. నువ్వే పెట్టుకో."

అందుకని నేను, మీ అందరి ముంగట, రాజవ్వ సాక్షిగా ప్రమాణం చేస్తున్న. ఇకముందు నా కొంగు భుజం మీద ఉంటది, ఎండకు తల మీద ఉంటది, చలికి చెవుల చుట్టు ఉంటది. ఎవ్వరి మూతి మీదికి పోదు. ఆఖరికి నా కండ్ల మీదికి గూడ పోదు. దానికి నా దగ్గర దస్తి ఉన్నది.