తీతువు గుడ్లకు నా కాపలా

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోరం. గుండెజబ్బులున్నవాళ్లు చదవడం మానేయాల్సినంత ఘోరం కాదుగానీ, మా సుబ్బయ్య మామయ్య మిరపకాయలకి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. అందులో నా వాటా ఎంత అని అడక్కండి. మొత్తం నాదే.

ఎనభైల్లో మాట. నరసరావుపేటలో బీయస్సీ చదువుతున్నాను. సెలవులిచ్చే ముందు మా లెక్చరరుగారు ఒకరు, వసంతకాలంలో మీ చుట్టుపక్కల కనిపించే పూలూ పిట్టలూ నోటుబుక్కులో రాసుకుని రమ్మన్నారు. తక్కినవాళ్లు కాలేజీ మెట్ల మీద కూర్చునే రెండు పేజీలు నింపేశారు. నాకు మాత్రం ఆ మాట తలకెక్కింది. సంచీలో రెండు జతల బట్టలూ, ఒక నోటుబుక్కూ పెట్టుకుని గురజాల అవతల మా మామయ్య ఊరికి బస్సెక్కాను.

మొదటి వారం బాగానే గడిచింది. డొంకదారిలో మోదుగ చెట్లు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి, రాసుకున్నాను. బూరుగు పూలు రాలుతుంటే మేకలు పోటీపడి తింటున్నాయి, రాసుకున్నాను. తంగేడు పొద దగ్గర గంటసేపు నిలబడితే ఒక తొండ నన్ను చూసి తలాడించింది. మర్యాదకి నేనూ ఆడించాను. పాలపిట్ట ఒకటి నిటారుగా పైకెగిరి, గింగిరాలు కొట్టుకుంటూ కిందికి పడటం చూసి 'పాపం, ఏదో జబ్బు' అని రాశాను.

"జబ్బేందిరా," అన్నాడు మామయ్య అది చదివించుకుని. "ఆడపిట్ట చూడాలని అట్టా పల్టీలు కొడతది. నీ వయసుకి నీకే తెలియాలి."

జబ్బు కొట్టేసి పల్టీలు అని దిద్దుకున్నాను. అక్కడితో ఆగిపోయినా మా వంశానికి పరువు మిగిలేది.

రెండో వారం మామయ్య మిరప కల్లానికి వెళ్లాను. ఆ ఏడు ఆఖరి కోతలు. చేలో కోసిన కాయంతా ఆ కల్లంలోనే ఎండాలి. పలచగా పరిస్తే గలగలమని ఎండుతుంది. మందంగా పరిస్తే అడుగుకాయ చెమ్మపట్టి తెల్లబడుతుంది. తెల్లబడ్డ కాయ మొహం ఏ వ్యాపారీ చూడడు. ఇదంతా నాకూ తెలుసు. తెలిసి కూడా చేశాను కాబట్టే దీన్ని ఘోరం అంటున్నాను.

కల్లంలో అడుగుపెట్టగానే ఒక తీతువు పిట్ట నా నెత్తి మీదుగా అరుచుకుంటూ ఎగిరింది. ఊళ్లోవాళ్లకి అది అరిస్తే కీడు. నాకు మాత్రం పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది. తీతువు గూడు కట్టదు, నేల మీదే నాలుగు గుడ్లు పెడుతుంది, అవి అచ్చం రాళ్లలా ఉంటాయి, మనిషి దగ్గరికొస్తే ఇలాగే గోల పెడుతుంది. వంగి వెతికాను. కల్లం సరిగ్గా నడిమధ్యలో నాలుగు ఉన్నాయి. బూడిదరంగు, మచ్చలు, నునుపు. ఎంత బాగా రాళ్లలా ఉన్నాయంటే నాకు ఒళ్లు పులకరించింది.

"మామయ్యా, గుడ్లు," అన్నాను.

మామయ్య వంగి చూశాడు. కొంచెంసేపు నావంక చూశాడు. "రాళ్లలాగున్నయ్యే," అన్నాడు.

"అదే కదా దాని గొప్పతనం. రాయి కాదని నువ్వు కనిపెట్టగలిగితే ఇంక అది తీతువేంటి?"

కాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ మూగారు. వాళ్ల పెద్ద మరియమ్మక్క. ఆమె చెయ్యి చాచబోతే నేను అడ్డంపడి ఉపన్యాసం ఇచ్చాను. మనిషి చెయ్యి తగిలితే తల్లి గుడ్లని వదిలేసి పోతుందనీ, ఈ విషయాలు చదువుకున్నవాళ్లకే తెలుస్తాయనీ చెప్పాను. మరియమ్మక్క నోరు తెరిచి ఏదో అనబోయింది. మామయ్య ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె నోరు మూసుకుంది. నా ఉపన్యాసం పనిచేసిందనుకున్నాను.

గుడ్ల చుట్టూ తుమ్మకంప నాటాను. కల్లంలో నాలుగో వంతు నా కంపకే పోయింది. కాయంతా మిగిలిన చోట కుక్కాల్సొచ్చి మందంగా పరిచారు. మామయ్య పొద్దునా సాయంత్రం దాన్ని కలియబెడుతూ అడుగుకాయ చేతిలోకి తీసుకుని చూసేవాడు. నన్ను తిడితే బాగుండేది.

కల్లానికి తూర్పు అంచున నులకమంచం వేయించుకుని, దానికి గొడుగు కట్టుకుని, పడమటిగా కంప వైపు తిరిగి కాపలా కూర్చున్నాను. పొద్దున్నే రావడం, చీకటి పడ్డాక పోవడం. నేను వచ్చినప్పుడల్లా తీతువు అరిచేది. కృతజ్ఞత అనుకునేవాణ్ని.

ఒకటే అనుమానం. ఆ పిట్ట గుడ్ల మీద ఒక్కసారీ కూర్చోలేదు.

"ఏంది బాబూ, నీ పిట్ట పొదగడంలా?" అంది మరియమ్మక్క ఒకరోజు.

"పల్నాడు ఎండ చాలదా అక్కా? ఎండే పొదుగుతుంది. తెలివైన పిట్ట."

"అంతేలే. చదువుకున్న పిట్ట," అని ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. వెనక నుంచి ఆడవాళ్ల నవ్వు వినపడింది. నేను నోటుబుక్కు తీసి 'ఎండతో పొదుగు విధానం' అని పేరు పెట్టి పేజీన్నర రాశాను. ఆ పేజీన్నర ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ చూపించను.

ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ మరియమ్మక్క కల్లం దగ్గర ఆగింది. "పాస్టరుగారికి చెప్పి ప్రార్థన చేయించినా బాబూ," అంది. నా కళ్లు చెమ్మగిల్లాయి. నోరులేని పిట్ట గుడ్ల కోసం చర్చిలో ప్రార్థన. ఈ ఊరి జనం ఎంత మంచివాళ్లో అని అదీ రాసుకున్నాను.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం పడమట నల్లగా మబ్బు లేచింది. సుడిగాలి మోదుగ పూలని తెచ్చి కాయల మీద పోసింది. ఎండిన కాయ తడిస్తే ఆ ఏడు సేద్యమంతా నీళ్లపాలే. మామయ్య పంచె ఎగ్గట్టి పరుగు, ఆడవాళ్లు చేటలతో కాయ పోగేస్తూ పరుగు. కాయ మీద కప్పడానికి కల్లంలో ఉన్నవి రెండే పట్టాలు. ఒకటి చిరిగింది. రెండోది మంచిది.

ఆ మంచిది ఎక్కడుందని అడుగుతారేమో. నేను దాన్ని అప్పటికే లాక్కెళ్లి తుమ్మకంప మీద కప్పాను. వడగళ్లు పడితే గుడ్లు పగులుతాయి కదా.

"ఒరేయ్, పట్టా యాడరా?" అని అరిచాడు మామయ్య. తరవాత చూశాడు. "పట్టా ఇటు తే. కాయ పోయిద్దిరా."

"కాయ మళ్లీ పండుతుంది మామయ్యా. గుడ్లు పోతే మళ్లీ రావు," అన్నాను పట్టా మీద బోర్లా పడుకుని. సినిమాల్లో అయితే చప్పట్లు పడేవి.

మరియమ్మక్క గబగబా వచ్చింది. నన్ను ఒక చేత్తో పక్కకి తోసి, పట్టా లాగి మామయ్య మీదికి విసిరి, కంపలోకి చెయ్యి పెట్టి నాలుగు గుడ్లూ ఒక్క గుప్పిట్లోకి తీసుకుంది. నా పై ప్రాణం పైనే పోయింది.

"ముట్టుకోవద్దక్కా, గుడ్లు."

"గుడ్లేంది బాబూ. ఇయ్యి నా అచ్చనగాయలు."

అచ్చనగాయలంటే తెలుసు కదా. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆడవాళ్లు కూర్చుని ఆడుకునే ఐదు రాళ్లు. ఆమె నడుముకున్న చిక్కం సంచీలోంచి ఐదో రాయి తీసి, నాలుగింటితో కలిపి నా మొహం ముందు గలగలలాడించింది. "ఆరోజు బుట్ట కోసం లేచి ఈడ్నే మరిచినా. అడగబోతే నువ్వు లెక్చరిస్తివి."

అప్పటికే కాయ పోగు మీద రెండు పట్టాలూ పడ్డాయి. నాలుగు చినుకులు టపటపమని రాలి మబ్బు నరసరావుపేట వైపు సాగిపోయింది. కాయ దక్కింది. మామయ్య పోగు పక్కనే కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"నీకూ తెలుసా మామయ్యా?"

"తెలియకేంరా. రాళ్లని చెప్పనే చెప్తిని."

"మరి మళ్లీ ఎందుకు చెప్పలేదు?"

"పుట్టి బుద్ధెరిగినాక నువ్వు ఒక్క పని మీద కుదురుగా కూర్చోడం ఇదేరా. మా అక్క చూస్తే ఎంత సంతోషించేదో అనుకున్నా. చెడగొట్టబుద్ధి కాలా."

మరియమ్మక్క వైపు తిరిగాను. "మరి ప్రార్థన చేయించావు కదక్కా, రాళ్లని తెలిసి కూడానా?"

"గుడ్ల కోసం కాదు బాబూ. నీ కోసం," అంది ఆమె చాలా దయగా.

తలొంచుకుని మంచం ఎత్తబోయాను. అందరూ ఒక్కసారిగా "ఆగాగు" అన్నారు. మరియమ్మక్క గడ్డంతో మంచం వెనక్కి చూపించింది. మంచం పొడుగంత దూరంలో, గడ్డిపరకల మధ్య చిన్న గుంటలో నాలుగు గుడ్లు. అసలువి. నేను పందొమ్మిది రోజులు వీపు తిప్పి కూర్చున్నవి.

"నువ్వు అటు తిరిగి కూర్చుంటే అది నీ ఎనక పొదుక్కుంటానే ఉంది," అంది. "లేచినప్పుడే గోల. నిన్ను మంచంలో ఒక కోడు అనుకుంటన్నట్టుంది."

"అయితే మంచం తీసేస్తాను."

"ఇప్పుడు తీస్తే ఎట్టా? మూడు దాటినాక నీ గొడుగు నీడ వాటి మీదే పడతంది. నువ్వు లేకపోతే పిట్ట బెదురుద్ది. కూర్చో."

"ఎన్నాళ్లు?"

"పిల్లలయ్యేదాకా. ఇటు మాత్రం తిరగమాక."

అలా మిగిలిన రోజులు కూడా కూర్చున్నాను, ఈసారి గుడ్లు లేవని తెలిసిన కల్లం వైపు చూస్తూ. కంప పీకేశారు, కాయ పలచగా పరిచారు, నాలుగు రోజుల్లో గలగలమంది. ఎనిమిదో రోజు పొద్దున వెనక ఏదో సన్నగా కిచకిచమంది. నా మెడ దానంతటదే తిరగబోయింది.

"తిరగమాక," అంది మరియమ్మక్క దూరం నుంచి. "ఒకటొచ్చింది. అబ్బ, కాళ్లు చూడు, ఎంత పొడుగున్నయ్యో. రెండోది కూడా. లేచి నడుస్తన్నయ్ అప్పుడే."

కల్లంలో ఉన్న ఆడవాళ్లు, మామయ్య, సైకిల్ మీద పోతూ ఆగిన పోస్టుమాను, అందరూ చూశారు. నేను మిరపకాయలు చూశాను.

కాలేజీ తెరిచాక లెక్చరరుగారు నా నోటుబుక్కు తిరగేసి ముచ్చటపడ్డారు. "గూడు దగ్గర ఇన్నాళ్లు కూర్చున్నావా? ఎంత దూరంలో?"

"మంచం పొడుగంత దూరంలోనండీ."

"అద్భుతం. పిల్లలు ఏ రంగులో ఉన్నాయి?"

"చూడలేదండీ," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపు సాక్షిగా, మా మామయ్య కాయల సాక్షిగా, ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను. ఇకమీదట ఈ భూమ్మీద ఏ ప్రాణినీ, ఏ రాయినీ నేను కాపాడను. కాపాడక తప్పకపోతే, ముందు అక్కడున్న ఆడవాళ్లని అడిగి, ఏ వైపు తిరిగి కూర్చోమంటారో కనుక్కుంటాను.