రవణమ్మగారి అద్దాల వసారా

మొన్న మా వంటింటి కిటికీ అద్దం పగిలితే బిగించడానికి వడ్రంగి వచ్చాడు. అవిసె నూనెలో సుద్దపొడి కలిపి, పూరీల పిండి పిసికినట్టు అరచేతుల్లో పిసుకుతూ కూర్చున్నాడు. "అది డబ్బాల్లో దొరుకుతోందిగా నాయనా" అన్నాను. "డబ్బాలో లప్పం ఎండకి బీటలిచ్చేస్తాదమ్మా" అన్నాడు. ఆ నూనె వాసన ముక్కుకి తగిలిందో లేదో, స్టవ్వు మీద పాలున్న సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. తమకు ప్రియమైనవాళ్ళు గుర్తొస్తే కొందరికి మల్లెపూల వాసన వస్తుందంటారు, కొందరికి అగరొత్తులు. నాకు రవణమ్మగారంటే లప్పం వాసన. ఆవిడ వింటే ఒక్క మొట్టికాయ వేసి, ఆ తర్వాత నవ్వేవారు.

అరవైల చివర నేను ట్రైనింగు ముగించుకుని, గజపతినగరం దాటాక కొండల వారన ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. మాది శ్రీకూర్మం దగ్గర. సముద్రపు గాలికి పెరిగినదాన్ని, కొండలు దూరాన్నించి చూడ్డానికే అనుకునేదాన్ని. రవణమ్మగారు ఆ బడికి పెద్దటీచరు. మొదటిరోజు నా రేకుపెట్టె వంక చూసి, "సత్రంలో దిగడానికి యాత్రకొచ్చావా అమ్మాయీ?" అని, కొండవాలు మీదున్న తన ఇంటికి తీసుకుపోయి పెరటిగది ఇచ్చారు. బడిలో ఆవిడ మాట అచ్చువేసినట్టుండేది. గడపలో కాలు పెట్టగానే మాత్రం ఊరి యాస వచ్చేసేది. అదేమిటని అడిగితే, "బళ్ళో నాను టీచర్నే, ఇక్కడ కోడల్ని" అన్నారు.

కోడలు అన్న మాట ఊరికే అనలేదు. ఆ ఇంట్లో ఉండేది ఆవిడా, అత్తగారు సన్యాసమ్మగారూ ఇద్దరే. రవణమ్మగారికి పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడట. ఇక ఆ పిల్లని పుట్టింటికి పంపించెయ్యమని చుట్టాలందరూ చెబితే, చోళ్ళూ నువ్వులూ పండించుకు బతికే సన్యాసమ్మగారు అక్షరమ్ముక్క రాకపోయినా ఒకటే మాట అందట. "ఏడిసింది సాలు. సదువుకో." విజయనగరంలో చదివించి, టీచరు ట్రైనింగు దాకా వెనక నిలబడింది. అలాగని ఇద్దరూ ఒకరినొకరు నెత్తిన పెట్టుకునేవారనుకోకండి. పులుసులో ఉప్పు దగ్గర మొదలై తాతముత్తాతలదాకా పోయేది పోట్లాట. నేను మొదట్లో భయపడి గదిలో దాక్కునేదాన్ని. తర్వాత తెలిసింది, వాళ్ళు పోట్లాడుకోని రోజునే భయపడాలని.

ఆ ఇంటి అరుగు సంగతి చెప్పాలి. ఇల్లు వాలు మీద ఉండటంవల్ల గుమ్మం వైపు మామూలు అరుగే, కాలు పెడితే ఎక్కేయొచ్చు. అవతలి అంచుకింద మాత్రం కొండదారి పోయేది, ఆ దారిలో నిలబడితే అరుగు అంచు మన భుజాలెత్తుకి వచ్చేది. కొండమీది ఊళ్ళ ఆడవాళ్ళు కట్టెలమోపులు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని పొద్దెక్కాక అమ్మకానికి దిగేవారు. నెత్తిమీద మోపు ఒంటిమనిషి దించుకోలేదు, దించినా మళ్ళీ ఎత్తుకోలేదు. ఈ అంచు దగ్గర వెనక్కి తిరిగి, కాస్త మోకాళ్ళు వంచితే చాలు, మోపు దానంతట అదే అరుగుమీదికి జారిపోయేది. మళ్ళీ అలాగే నెత్తికెత్తుకుని పోవచ్చు. అందుకని దిగిన ప్రతి మనిషీ అక్కడ ఆగేది, మంచినీళ్ళు తాగేది, సన్యాసమ్మగారితో లోకంలోని కబుర్లన్నీ చెప్పేది. ఎవరి మేక ఈనిందో, ఏ మొగుడు అలిగి పోయాడో కొండమీద అందరికన్నా ముందు ఆవిడకే తెలిసేది.

ఒక వానాకాలం ఆవిడ పెరట్లో జారిపడింది. తుంటి విరిగింది. కొన్నాళ్ళు అరుగుమీదే మంచం వేశాం, కానీ కొండగాలి మామూలుది కాదు. వాన కూడా పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. దగ్గు పట్టుకుని వదల్లేదు. గాలి తగలనివ్వొద్దని డాక్టరు కోప్పడితే నడిమింట్లోకి మార్చాం. అక్కడ పట్టపగలే దీపం కావాలి. ఆవిడ గోడకేసి తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. ముందు పోట్లాట మానేసింది, తర్వాత మాట మానేసింది, చివరికి గంజి కూడా వద్దనడం మొదలైంది. "అత్తా, ఉప్పు ఎక్కువైనాదేటి? ఏటో ఒకటను" అని రవణమ్మగారు గిన్నె పట్టుకుని బతిమాలేవారు. బడంతటినీ గడగడలాడించే మనిషి ఆ మంచం పక్కన చిన్నపిల్ల అయిపోయేది.

ఒకరోజు బడినుంచి వస్తూ రవణమ్మగారు ఉన్నట్టుండి అన్నారు: "అరుగంతా అద్దాలు బిగించేస్తాను. గాలి రాకూడదు, ఎండ రావాలి. అంతే కదా?" విజయనగరంలో ఎవరిదో పాత బంగళా పడగొడుతున్నారని తెలిసి, కిటికీ తలుపులు అద్దాలతో సహా బేరమాడి, గడ్డిలో చుట్టించి ఎడ్లబండిమీద తెప్పించారు. ఒకదానికొకటి పొంతన లేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, రెంటికి మాత్రం ఆకుపచ్చ అద్దం. వడ్రంగి వాటిని అరుగు అంచువెంబడి స్తంభాల మధ్య నిలబెట్టి బిగిస్తుంటే సాయంత్రాలు మేమిద్దరం లప్పం పిసికి ఇచ్చేవాళ్ళం. "రవణమ్మ మేడ కడతన్నాది" అని ఊళ్ళో వేళాకోళం. "మేడే. మా అత్త మారాణి కాదేటి?" అని ఆవిడ ఎదురు జవాబు.

పనయ్యాక మంచం అక్కడికి చేర్చాం. ఎదురుగా తూర్పున పొలాలు, ఎండ సూటిగా పాదాలమీద పడుతోంది. నాలుగు రోజులకే దగ్గు తగ్గింది. కానీ ఆవిడ మాత్రం మాట్లాడలేదు. గోడకేసి తిరిగే మనిషి ఇప్పుడు అద్దంకేసి తిరిగింది, అంతే తేడా. ఆ వారం బడిలో రవణమ్మగారి చేతిలో పిల్లలకి ఊరికే దెబ్బలు పడ్డాయి. ఆవిడకి కోపం వస్తే లోపల ఎక్కడో ఏడుపు ఉందని అప్పటికి నాకు తెలుసు.

మాకు సెలవొచ్చిన రోజున బయటపడింది సంగతి. మిగతా రోజుల్లో మోపులు దిగే వేళకి మేం బడిలో ఉండేవాళ్ళం. ఆరోజు పొద్దున్న అందరం వసారాలోనే ఉన్నాం. దారిలో పారమ్మ అనే ఆమె, వెనక ఇంకో ఇద్దరు మోపులతో దిగారు. అరుగు దగ్గర కాస్త నెమ్మదించి, అద్దాలవైపు చూసి, తలలు కదపకుండా వెళ్ళిపోతున్నారు. మంచంమీదినుంచి సన్యాసమ్మగారి గొంతు వినిపించింది. ఎన్నాళ్ళకో.

"సూసినావా? పారమ్మ ఆగనేదు."

"ఏటత్తా, ఎందుకాగలేదు?"

"ఎక్కడ దించుతాదే మోపు? నీ అద్దంమీద దించుతాదా? నన్ను ఎచ్చగా కూకోబెట్టి నా మడుసుల్ని తరిమేసినావు."

"మరి ఇన్నాళ్ళూ సెప్పవేటి?"

"ఇంత ముచ్చటపడి కట్టించినావు. ఏటని సెప్పీది?"

రవణమ్మగారి మొహం నేను చూడలేకపోయాను. ఇంకొకరైతే కుర్చీలో కూలబడేవారు. ఆవిడ గబగబా గుమ్మం దిగి, ఇంటి పక్కనుంచి తిరిగి దారిలోకి పోయి, "ఒసే పారమ్మా, ఆగు" అని కేకేశారు. "అద్దాలు కదమ్మా, తగిల్తే పగిలిపోతాయి" అంది పారమ్మ, తప్పు తనదైనట్టు. "ఆ మోపిలా నా నెత్తిమీద పెట్టు" అన్నారు ఈవిడ. వద్దన్నా వినలేదు. ఈవిడ సాయంతో మోపులు దించుకుని, ముగ్గురూ కలిసి ఒకటి ఎత్తి పెట్టారు. జరీ అంచు చీరలో మా పెద్దటీచరుగారు కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని, తన అద్దాలకి వీపుపెట్టి మోకాళ్ళు వంచారు. మోపు దిగడానికి చోటేదీ? ఇటు జరిగారు, అటు జరిగారు, మెడ వణుకుతోంది, జుట్టు ఊడిపోయింది. దారిన పోయే మా బడిపిల్ల తండ్రి ఒకాయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "దించండే! దించండే నన్ను!" అని ఆవిడ అరుపు. అద్దం వెనక సన్యాసమ్మగారు పగలబడి నవ్వుతోంది. దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విని, మోపుకింద నలిగిపోతూ రవణమ్మగారూ నవ్వారు. నేనయితే ఏడ్చేశాను.

మర్నాడే వడ్రంగి మళ్ళీ వచ్చాడు. ఆరిన లప్పమంతా చెక్కి, చట్రాలన్నీ ఊడదీసి, ఒక మోపు పట్టేంత వెనక్కి జరిపి బిగించాడు. మంచం పక్కన తలుపొకటి తెరుచుకునేలా పెట్టించారు. దాంతో వసారా కాస్తా నడవా అయిపోయింది, మంచం దాటాలంటే మేము పక్కకి ఒదిగి నడవాలి. మళ్ళీ ఎందుకు ఊడదీస్తున్నారని దారిన పోయిన ప్రతివాళ్ళూ అడిగారు. "నానే తప్పు కట్టించినాను" అని ప్రతివాళ్ళకీ చెప్పారు ఆవిడ. గొంతు తగ్గించలేదు, వడ్రంగిమీద నెట్టలేదు. చదువుకున్నవాళ్ళం, అందులోనూ బెత్తం పట్టుకున్నవాళ్ళం, ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మోపులు మళ్ళీ ఆగాయి. సన్యాసమ్మగారు పోట్లాటలకి తిరిగొచ్చింది, పులుసులో ఉప్పుతో సహా. ఇంకో రెండు చలికాలాలు ఆ ఎండలో బతికి, ఒకనాడు పొద్దున్న నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆరోజు కొండదిగిన ఆడవాళ్ళు అంచుమీద మోపులు దించి, దారిలోనే కూర్చుండిపోయారు. ఒక్కరూ అమ్మకానికి పోలేదు.

కర్మకాండలయ్యాక ఒక దగ్గరి చుట్టం వసారాలో పక్కకి ఒదిగి నడుస్తూ విసుక్కున్నాడు. ముసలావిడ ఇక లేదు కదా, ఈ అద్దాలు మళ్ళీ అంచుకి జరిపించేస్తే గది విశాలంగా ఉంటుంది కదా అన్నాడు. రవణమ్మగారు కళ్ళు తుడుచుకుని ఆయనవంక చూశారు. "అత్త పోయినాది గానీ, మోపులు పోయినాయేటి?"

తర్వాత నాకు బదిలీలయ్యాయి, నేనూ పెద్దటీచరునయ్యాను, రిటైరయ్యాను. ఎవరైనా గోడ లేపుతున్నామనో గేటు పెట్టిస్తున్నామనో సంబరంగా చెబితే, ముందు అటు ఎవరు నడుస్తారని అడుగుతాను. అడగందే ఉండలేను. మా పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ, నేను రవణమ్మగారి మనిషిని.