చెంప మీద బొటనవేలి మరక

మా పత్రిక ఆఫీసు కింది అంతస్తులో, మెట్ల పక్కన, మరణ ప్రకటనలు తీసుకునే కౌంటర్ ఉంది. పదహారేళ్లుగా అక్కడ కూర్చునేది ఒకే మనిషి. అందరికీ ఆవిడ కరకరలక్క. సొరుగు ఎప్పుడూ సగం తెరిచి ఉంటుంది, అందులో చిప్స్ పొట్లం. ఒక కుటుంబం వెళ్లి ఇంకో కుటుంబం వచ్చేలోపు చెయ్యి దానంతటదే సొరుగులోకి వెళ్లి నోటి దగ్గరికి వస్తుంది.

"అక్కా, ఆ సొరుగులో ఎలుక దూరిందంటే ఇక బయటికి రాదు. సంసారం పెట్టేస్తుంది," అనేవాడు పక్కన అద్దె ఇళ్ల ప్రకటనలు చూసే గుమాస్తా.

"పెట్టనీరా, అద్దె నువ్వు వసూలు చేసుకో," అనేది ఆవిడ నములుతూనే.

ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మోకాళ్లు మొరాయించాయి. ఎప్పుడెప్పుడు తింటారని డాక్టరు అడిగితే, ఆకలేసినప్పుడు అని చెప్పి వచ్చింది. అది అబద్ధమని ఆవిడకే తెలియదు.

ఒక మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. తల్లి పోయింది. ఆమెకున్న ఒకే ఒక్క ఫొటో తెచ్చాడు, అరచేతిలో సగం కూడా లేని నలుపు తెలుపు ఫొటో. ఏం రాయమంటావని అడిగితే, "ఏం రాస్తారండీ. మా అమ్మ ఎవరికీ తెలియదు," అన్నాడు. ఆవిడే నాలుగు మాటలు అడిగి, నాలుగు వాక్యాలు రాసి, చదివి వినిపించి పంపించింది.

అతను గుమ్మం దాటగానే చెయ్యి సొరుగులోకి వెళ్లింది. అదే చెయ్యి ఫొటో అందుకుంది. తల్లి చెంప మీద జిడ్డు బొటనవేలు అచ్చుపడింది. కంగారులో రుమాలు తడిపి తుడిచింది. పాత ఫొటో కదా, మరకతో పాటు చెంప కూడా ఊడి వచ్చింది.

పైన ఆర్టిస్టు కంప్యూటర్‌లో ముఖం సరిచేశాడు. మర్నాడు పత్రికలో వంక పెట్టడానికి లేదు. కానీ అసలు ఫొటో తీసుకోవడానికి డ్రైవరు ఆ ఉదయమే వస్తాడు. మేనేజరు ముందే దిగి వచ్చాడు. "పాతది, పెచ్చులూడిందని చెప్పండి. లేనిపోనిది నెత్తిన వేసుకుంటే ఆ కుర్చీ నేను కాపాడలేను."

నేను మెట్ల మీదే ఉన్నాను. డ్రైవరు వచ్చాడు. ఆవిడ లేచి నిలబడింది.

"మీ అమ్మగారి ఫొటో నేనే పాడుచేశాను బాబూ. చిప్స్ తిన్న జిడ్డు చేత్తో పట్టుకుని, తడిగుడ్డతో తుడిచాను."

అతను ఫొటో అందుకుని చూశాడు. "అన్నం తినలేదా నిన్న?"

"తిన్నాను. ఆకలేం లేదు."

"మరి?"

"మీ అమ్మ ఎవరికీ తెలియదన్నావే, అప్పుడు ఏడుపొచ్చింది. ఇక్కడ కూర్చుని ఏడవకూడదు కదా, అందుకే తింటాను. పదహారేళ్లుగా అదే చేస్తున్నానని రాత్రి ఆలోచిస్తే తెలిసింది."

పత్రికలో తప్పు పడ్డప్పుడల్లా మర్నాడు సవరణ రాసేది నేనే. 'జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం' అన్న వాక్యాన్ని నా చేత్తో వందలసార్లు రాశాను. ఎవరిది పొరపాటో, ఎందుకు జరిగిందో అందులో ఒక్కసారీ చెప్పలేదు.

క్షమించానని అతను అనలేదు. ఫొటో జేబులో పెట్టుకుని, "ఇంకొకళ్లది మాత్రం పాడుచెయ్యకండి," అని వెళ్లిపోయాడు.

ఆవిణ్ని పెళ్లి ప్రకటనల వైపు మారుస్తానన్నాడు మేనేజరు. "కుర్చీ మారిస్తే చెయ్యి మారుతుందా సార్? అక్కడ సంతోషం పట్టలేక తింటాను," అంది ఆవిడ. "మనిషికీ మనిషికీ మధ్య ఒక్క నిమిషం ఇప్పించండి చాలు."

మూడు నెలలు చూద్దామన్నాడు. ఎనిమిది నెలలైంది, ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. డాక్టరు తూకంలో అయిదు కిలోలు తగ్గింది. పొట్లం తెరిచిన రోజులూ ఉన్నాయి, అవీ దాచుకోదు.

ఒక కుటుంబం వెళ్లగానే ఆవిడ చేతులు కడుక్కుని, కౌంటర్ అద్దం దించి, రెండు అరచేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంటుంది. ఏడుపొస్తే ఏడుస్తుంది. మధ్యాహ్నం రద్దీలో బయట ఏడెనిమిది మంది వరసలో ఉంటారు. అద్దం తట్టినవాణ్ని నేనింతవరకు చూడలేదు.