పంక్చర్ షాపు మీది ట్యూషన్

మొన్న ఆఫీసుకు వెళ్తుంటే కరీంనగర్ బస్టాండు దాటగానే నా స్కూటీ పంక్చరైంది. తోసుకుంటూ రోడ్డు పక్క షాపుకు చేరి, ఎండలో నిలబడి ఆ గుంతల రోడ్డును నోరారా తిడుతున్నాను. ఇంతలో షాపాయన ట్యూబు మీద సొల్యూషన్ పూశాడు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నా తిట్లు ఆగిపోయాయి. అందరికీ అది రబ్బరు జిగురు వాసన. నాకు మాత్రం తస్లీమా టీచర్ చెప్పిన లెక్కల వాసన. ఈ మాట చెబితే మా ఆఫీసులో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ, వాళ్లకేం తెలుసు!

లక్సెట్టిపేట మెయిన్ రోడ్డు మీద టీచర్ వాళ్ల అన్నకు పంక్చర్ షాపు ఉండేది. దాని పైగదిలో ఆమె ఇంటర్ పిల్లలకు లెక్కలు, కంప్యూటర్ చెప్పేవారు. కింద గాలి మిషన్ చప్పుడు, పైన చాపల మీద మేము. ఉన్నది ఒకే ఒక్క పాత కంప్యూటర్, దుమ్ము పడకుండా దాని మీద ఆమె చున్నీ. ఎమ్మెస్సీ చదివిన మనిషి. అయినా ఊళ్లో చాలామంది "పంక్చర్ షాపు మీద ఏం లెక్కలొస్తయి?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆడమనిషి, అదీ ఏ కాలేజీలోనూ నౌకరీ లేని మనిషి ఇంటర్ లెక్కలు చెబుతుందంటే నమ్మకం కుదరక, తల్లిదండ్రులు గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విని మరీ పోయేవాళ్లు. ఆమెకు అది తెలుసు. తెలిసీ ఏనాడూ తలుపు మూయలేదు.

నేను అక్కడ చేరింది ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో ఫెయిలయ్యాక. ఫెయిల్ కాక ఏమవుతాను! గైడులోని లెక్కలను అంకెలతో సహా బట్టీ పట్టేదాన్ని. పరీక్షలో ఐదు ఉండాల్సిన చోట ఏడు కనబడేసరికి చేతులెత్తేశాను. మా బాపు బియ్యం మిల్లులో పనిచేసేవాడు. చెడ్డవాడు కాదు, కానీ బిడ్డ ఫెయిలయిందన్న మాట మిల్లులో నలుగురి నోటా వినేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఇగ చదివింది చాలు. మంచిర్యాలల బట్టల దుకాణంల పని చూసిన" అన్నాడు. కన్నతల్లి కదా, అవ్వ ఏడ్చి మొత్తుకుంటే, సప్లిమెంటరీ దాకా ఆగుతానని గొణిగాడు. అదేమంత గట్టి మాట కాదని నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు.

టీచర్ మొదటి రోజే నా గైడు లాక్కున్నారు. "బట్టీ పట్టుడంటే నీకు మస్తు ఇష్టమున్నట్టున్నది. సరే, కింద మా అన్న రోజూ పంక్చర్ ఏస్తడు గదా, ఎట్లేస్తడో వరుసగ చెప్పు. నేను కంప్యూటర్ననుకో. నాకు సొంత తెలివి లేదు, నువ్వు చెప్పిందే చేస్త" అన్నారు.

ఓస్, ఇంతేనా అనుకుని, ట్యూబు బయటికి తీయండి, నీళ్లల్ల ముంచండి అని గడగడా చెప్పాను. ఆమె నిజంగానే కింది నుంచి ఓ పాత ట్యూబు, తొట్టెడు నీళ్లు తెప్పించి, గాలి లేని ఆ ట్యూబును అలాగే ముంచారు.

"బుడగలొస్తలేవు బేటా. ట్యూబు మంచిగనే ఉన్నట్టున్నది. గిరాకీని పొమ్మందామా?"

గదంతా గొల్లుమంది. ముందుగా గాలి కొట్టమని చెప్పడమే మరిచాను! చిన్నప్పటి నుంచి రోడ్డు పక్కన చూస్తున్న పనే అది. అసలు నీళ్లలో ఎందుకు ముంచుతారో ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, లెక్కలో ఒక్కో వరుస ఎందుకుందో అడగడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. 'ఎందుకు' అని నేను అడగని రోజున ఆమె నన్ను ఇంటికి పోనిచ్చేవారు కాదు.

పరీక్షలు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం బాపు మెట్లెక్కి వచ్చాడు. "దుకాణపాయన రేపటి నుంచే రమ్మంటున్నడు మేడం. బిడ్డను తోలుకపోత" అన్నాడు. టీచర్ వాదించలేదు. "గీ లెక్క అయిపోనీయండ్రి అన్నా, జర కూసోండ్రి" అని బోర్డు వైపు తిరిగారు. 'మైనస్ రెండు ఎక్స్, ఆరు కంటే తక్కువ' అన్న వరుస కింద, మైనస్ రెండుతో భాగించి 'ఎక్స్, మైనస్ మూడు కంటే తక్కువ' అని రాశారు. అందరూ నోటుబుక్కుల్లో ఎక్కిస్తున్నారు. నా పెన్ను ఆగింది. మైనస్‌తో భాగిస్తే 'తక్కువ' కాస్తా 'ఎక్కువ' కావాలి. ఇప్పుడు చెబితే బాపు ముందు టీచర్ పరువు పోతుంది, పంక్చర్ షాపు మీది చదువు ఇంతేనని ఆయన నన్ను లాక్కుపోతాడు. చెప్పకుంటే తప్పు అలాగే ఉండిపోతుంది. నా నోరు ఊరుకుంటేగా!

"టీచర్, గది తప్పు."

బాపు లేచి నిలబడ్డాడు. "ఏయ్! పెద్దోళ్లను గట్లంటరా? బుద్ధున్నదా నీకు?"

టీచర్ నా వైపు చూడలేదు, బాపు వైపూ చూడలేదు. బోర్డు వైపు తిరిగి మొదటి వరుస నుంచి మెల్లగా చదివారు. చివరికి "ఎందుకు తప్పు?" అని అడిగారు.

"ఎక్స్ జాగల సున్నా పెట్టి చూడుండ్రి టీచర్. పై వరుసల, సున్నా ఆరు కంటే తక్కువ. మంచిగనే ఉన్నది. కింది వరుసల, సున్నా మైనస్ మూడు కంటే తక్కువ ఎట్లయితది? గుర్తు తిప్పాలె."

ఆమె చాక్‌పీసు నా చేతికిచ్చి పక్కకు జరిగారు. నేను దిద్దాను. "మీ బిడ్డ చెప్పిందే సరైంది అన్నా. తప్పు నాది" అన్నారు బాపుతో, తల దించకుండా. పిల్లలను పరీక్షించడానికి కావాలనే రాశానని ఒక్క మాట అని ఉంటే కాదనేవాళ్లెవరు? అనలేదు. బాపుకు లెక్క ముక్క అర్థం కాలేదు. కానీ మిల్లులో ఇన్నేళ్లుగా సేటు నోట గానీ మేస్త్రీ నోట గానీ 'తప్పు నాది' అన్న మాట ఆయన విననే లేదట, తర్వాత అవ్వతో చెప్పుకున్నాడు. "పరీక్ష రాసినంకనే చూద్దాం తియ్యి" అని ఒక్కడే మెట్లు దిగి వెళ్లిపోయాడు. మా ఇంట్లో దుకాణం మాట మళ్లీ రాలేదు. నేను పాసయ్యాను, డిగ్రీ చదివాను, ఎంసీఏ చదివాను.

ఉద్యోగం వచ్చాక మిఠాయి డబ్బాతో టీచర్ ఇంటికి వెళ్లి, ఏళ్లుగా మనసును తొలుస్తున్న మాట అడిగేశాను. "టీచర్, ఆ రోజు కావాలనే తప్పు రాసిండ్రా? బాపుకు నా చదువు చూపెట్టనీకి?"

ఆమె పకపకా నవ్వారు. "అంత తెలివి నాకెక్కడిది బేటా! మీ బాపు నిన్ను తోలుకపోతడని పరేషాన్ల రాసిన. నువ్వు తప్పు అనంగనే నా పానం పోయినంత పనైంది. గీ ముచ్చట ఊరంత తెలిస్తే రేపటి నుంచి పిల్లలెవ్వరు రారనుకున్న." మిఠాయి డబ్బా మూత తీస్తూ, "బోర్డు చూసిన, తప్పే ఉన్నది. ఇగ ఏం చేస్త?" అన్నారు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "మేడం, మీ ప్రోగ్రాంలో తప్పుంది" అంటారు, అదీ అందరి ముందూ. ఒట్టు, ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. నువ్వెంత, నీ అనుభవమెంత అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. దాన్ని మింగి, ఆ మనిషి వైపు చూడకుండా తెర వైపు తిరిగి మొదటి వరుస నుంచి చదువుతాను. కొన్నిసార్లు తప్పు వాళ్లది, కొన్నిసార్లు నాది. నాదైనప్పుడు 'తప్పు నాది' అని పైకి అనడం ఈనాటికీ నాకు కష్టమే. నిజానికి అన్నంత మాత్రాన నాకు పోయేదేమీ లేదు. టీచర్‌కైతే ఆ సాయంత్రం ఉన్నదంతా పోయేది. అయినా అన్నారు.