గీతకు దూరంగా పడిన చుక్క

ఆ పరిశోధనశాలలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ లెక్కలమ్మే. రక్తం తీసేవాళ్లు వేరు, అందులోని జన్యువులను పరీక్షించేవాళ్లు వేరు. చివరికి అంకెలన్నీ వచ్చి పడేది మాత్రం కిటికీ లేని గదిలో ఉన్న ఆమె నెత్తిన. మనిషి పుట్టి ఎన్నేళ్లయిందో అందరికీ తెలుసు, ఒళ్లు ఎంత అరిగిందో రక్తం చెబుతుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎవరి ఒళ్లు ఏళ్లకంటే ముందు పరుగెడుతోంది, ఏ జన్యువు దాన్ని తరుముతోంది అని గణాంకాలతో తేల్చడం ఆమె పని. ముసలితనానికి లెక్క కట్టినందుకు జీతమిస్తారంటే ఆమె తల్లి చివరిదాకా నమ్మలేదు.

రక్తమిచ్చేవాళ్లు చాలక ఉద్యోగుల ఇళ్లవాళ్లనూ బతిమాలారు. లెక్కలమ్మ తన చెల్లెల్ని లాక్కొచ్చింది. చెల్లెలు బట్టలు కుడుతుంది, మాటకు మాట అంటించే రకం. నలభై నిండకుండానే తల నెరిసిపోయింది, కళ్లలో శుక్లాలు వచ్చాయి. బజారులో అందరూ ఆమెనే అక్క అనుకునేవారు.

"మనిద్దరిలో ఎవరు పెద్దో ఇవాళ తేలిపోతుందిలే అక్కా," అంటూ చెయ్యి చాపింది.

"పొద్దస్తమానం మిషను మీద కూర్చుంటే ఇంతే మరి," అని లెక్కలమ్మ కొట్టిపారేసింది.

ట్యూబుల మీద పేర్లుండవు, గుర్తు అంకెలే. ఎవరి రక్తమో తెలిస్తే లెక్క కట్టే చెయ్యి అటో ఇటో మొగ్గుతుంది. మంచి నియమమే. అక్కడ ఇంకో నియమం కూడా ఉంది. ఆమె గీసే గ్రాఫులో ఒక్కో మనిషీ ఒక్కో చుక్క, అందరి సగటూ ఒక గీత. ఏ చుక్కయినా గీతకు మరీ దూరంగా పడితే ఆ మనిషిని పిలిపించి మళ్లీ రక్తం తీసి చూడాలి. ఆ తరవాతే దాన్ని ఉంచాలో తీసెయ్యాలో తేల్చాలి.

ఆ ఏడాది చుక్కలన్నీ గీత చుట్టూ బుద్ధిగా సర్దుకున్నాయి, ఒక్కటి తప్ప. ముప్ఫై తొమ్మిదేళ్ల ఆడమనిషికి డెబ్బై దాటిన ఒళ్లు. ఆ వయసు ఆడవాళ్లు ఆ లెక్కలో బోలెడుమంది. లెక్కలమ్మకు చెల్లెలు గుర్తుకు రాలేదు.

"ఇదేంటి?" అన్నాడు పైఅధికారి.

"ట్యూబు మారిపోయుంటుంది సార్. పిలిపించి చూడాలంటే నెల పడుతుంది."

వ్యాసం పంపాల్సిన గడువు నెత్తి మీద కూర్చుని ఉంది. ఆయన నీ ఇష్టమని చేతులు దులుపుకున్నాడు. ఆమె చుక్కను తీసేసింది. లెక్క ముచ్చటగా కుదిరింది. అందరూ మెచ్చుకున్నారు, ఆ మెప్పు ఆమెకు తియ్యగానే ఉంది.

రెండేళ్ల తరవాత చెల్లెలు కుట్టుమిషను దగ్గరే కూలబడింది.

"పుట్టుకతో వచ్చిన జన్యులోపం. ఒళ్లు తొందరగా ముసలిదైపోతుంది," అన్నాడు ఆసుపత్రి డాక్టరు. "రెండేళ్ల ముందు తెలిసుంటే గుండెకు మందులు మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు చెయ్యి దాటిపోయింది."

రెండేళ్ల ముందు అనే మాట దగ్గర లెక్కలమ్మకు తను తీసేసిన చుక్క గుర్తొచ్చింది. తిన్నగా పరిశోధనశాలకు వెళ్లి, రక్తం తీసే అతన్ని ఆ గుర్తు అంకె ఎవరిదని అడిగింది. చెప్పకూడదని అతనికి తెలుసు. ఆమె మొహం చూసి చెప్పేశాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి నర్సు మంచం పక్కన ఉంది. "మీ అమ్మగారికి కాసిని నీళ్లు పట్టండి," అని వెళ్లిపోయింది. చెల్లెలు నవ్వబోయింది, దగ్గు అడ్డం పడింది.

"నా రక్తంలో ఏమీ కనబడలేదా అక్కా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "కనబడింది. పొరపాటనుకుని తీసేశాను. నీదని తెలీదు."

"తీసేశాక మీ లెక్క కుదిరిందా?"

"కుదిరింది."

చెల్లెలు మొహం గోడవైపు తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని లెక్కలమ్మకు అనిపించింది.

"ఇది పిల్లలకూ వస్తుందా?"

"రావచ్చు."

"అయితే రేపే నా కూతుర్ని తీసుకెళ్లు. ఎంత వచ్చినా సరే నాకు చెప్పు. దాన్ని మాత్రం తీసెయ్యకు."

తలుపు తోసుకుని ఆ పిల్ల లోపలికి వచ్చింది. "పెద్దమ్మా, అమ్మ ఎలా ఉంది?" అంటూ ఎప్పటిలాగే లెక్కలమ్మ భుజానికి తల ఆనించింది. ఆ జుట్టులోకి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.